పక్కవైపు బటన్

హాల్లో చెప్పుల అరపైన గోడకి వైఫై పెట్టె ఉంది. దాని కుడిపక్క శనగగింజంత బటన్. ఒకసారి నొక్కితే వైఫై ఆగాలి, ఇంకోసారి నొక్కితే రావాలి. కానీ ఇంటి ఇల్లాలు తన కంపెనీ వాళ్ళ సిస్టం తెచ్చి అందులో వేసిననాటి నుంచీ ఆ బటన్ ఒట్టి అలంకారమే. నొక్కినా ఒకటే, నొక్కకపోయినా ఒకటే.

ఆ కంపెనీ చిన్నది. పాతబడ్డాయని జనం వదిలేసిన ఇలాంటి పెట్టెలను, అంటే రౌటర్లను, పోగుచేసి, వాటిలోని సాఫ్ట్‌వేర్ తుడిచేసి తమది వేసి, బడులకూ ఆసుపత్రులకూ ఇస్తుంటారు. ఆమె పనంతా ఆ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా అడుగునుండి పెట్టెలోని భాగాలను నడిపించే కెర్నెల్‌తో. పెట్టెలో ఏది ఎక్కడుందో కెర్నెల్‌కి ఒకరు చెప్పాలి. చెప్పనిదాన్ని అది లేనట్టే చూస్తుంది. బటన్ నొక్కితే చిప్‌కున్న ఒక పిన్‌లో కరెంటు పడిపోతుంది, అంతకన్నా ఏమీ జరగదు. ఆ పిన్ ఏదో, అది పడిపోతే ఏం చెయ్యాలో ఎవరో రాసిపెట్టాలి. ఎవరూ రాయలేదు. బడులవాళ్ళు "ఈ బటన్లు దేనికండీ, చూసుకోడానికా?" అని గోలపెట్టాక ఆ పని ఆమె నెత్తిన పడింది.

పెట్టె తయారుచేసినవాళ్ళు దాని లోపలి నక్షా ఇవ్వలేదు. వెనకగదిలో బల్లమీద ఒక పెట్టెను విప్పి పెట్టుకుని, ఎడమచేత్తో బటన్ నొక్కుతూ, కుడిచేత్తో ఒక్కో పిన్నూ వెతుకుతూ కూర్చుంది. చివరికి ఒకటి కదిలింది. "దొరికావు తల్లీ!" అని పైకే అనేసింది. ఆ తర్వాత ఇంకో తంటా. నొక్కినప్పుడు లోపలి రేకు సన్నగా వణుకుతుంది. మనిషి ఒకసారి నొక్కితే కెర్నెల్‌కి పదిసార్లు నొక్కినట్టు కనిపిస్తుంది. ఆ వణుకు తగ్గేదాకా కాస్త ఓపిక పట్టమని దానికి చెప్పాలి. అదీ చెప్పింది. ఆ సాయంత్రమే ఇంటి పెట్టెలోనూ వేసి, భర్తను పిలిచి చూపించింది. నొక్కితే లైటు ఆరింది, నొక్కితే వెలిగింది.

"ఇదివరకు ప్లగ్గు పీకితే ఆరేది కదా?" అన్నాడతను.

"ఆరేది."

"మరి దీనికి జీతం కూడా ఇస్తున్నారా నీకు?"

అతను పళ్ళ డాక్టర్లకు కట్టుడుపళ్ళు చేసి ఇస్తాడు. పనిచేసే గది పక్కవీధిలోనే. ఏ వస్తువైనా నోట్లో పెట్టుకుని నమలగలిగితేనే అతనికి దానిమీద గౌరవం.

ఇంట్లో మూడో మనిషి అతని అక్క. తల్లి పోయాక తమ్ముడిని చేతులమీద పెంచింది. పెళ్ళి చేసుకోలేదు. రైళ్ళలో టికెట్లు చూసే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక వీళ్ళ దగ్గరికి వచ్చేసింది. ఉద్యోగం వదిలినా చూపు వదల్లేదు. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా ఆవిడ కళ్ళెత్తి చూస్తే తమకు తెలియకుండానే జేబు తడుముకునేవారు. ఆమె ఆవిడను వదినా అనేది, ఆవిడ ఆమెను అమ్మాయ్ అనేది. ఇద్దరి మధ్యా గొడవలు లేవు, కబుర్లూ లేవు.

మరునాడు మధ్యాహ్నం ఆమె ఆఫీసు సీనియర్‌తో మాట్లాడుతుంటే మాట మధ్యలో తెగింది. ఆయన ఉండేది వేరే ఊళ్ళో. ఎవరు రాసిన కోడైనా ఆయన చూసి సరేనంటేనే బయటికి వెళ్ళాలి. ఒక్క కామా పక్కకి జరిగినా వదలడని అందరూ వెనకాల కామాగారు అంటారు. ఆమె హాల్లోకి వచ్చి చూస్తే పెట్టెమీద లైటు లేదు. నొక్కింది, వచ్చింది. ఏదో అయుంటుందనుకుని వెళ్ళి కూర్చుంది. టీ వేళకి మళ్ళీ పోయింది. ఆ మరునాడూ అంతే, ఆ తర్వాతా అంతే. భోజనాలయ్యాక ఒకసారి, టీ వేళకొకసారి. పొద్దున మాత్రం నిక్షేపంగా ఉండేది.

"మేడం, తనంతట తనే ఆగిపోయే పెట్టెను బడికి పంపుదామంటారా?" అన్నారు కామాగారు.

"తనంతట తను కాదండీ. ఏదో ఉంది."

"సరే, 'ఏదో ఉంది' అని పెట్టెమీద చీటీ అంటించి పంపుదాం."

ఆమెకు ఒళ్ళు మండింది. మొదట తన కోడునే అనుమానించింది. రేకు వణుకు తగ్గడానికి ఇచ్చిన వ్యవధి చాల్లేదేమోనని పెంచింది. తగ్గలేదు. మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా వచ్చి పెట్టెమీద పడుతోందని గమనించి, పరదా లాగింది. తగ్గలేదు. అప్పుడు అనుమానం పెట్టె దాటి మనుషులమీదికి పాకింది. ఈ బటన్ల పని తనకిమ్మని కామాగారు మొదట్లో అడిగారని ఎవరో అన్నారు. ఆయనే దూరంనుంచి లోపలికొచ్చి ఆపుతున్నాడేమో! పాస్‌వర్డు మార్చింది. ఆ మధ్యాహ్నమూ రెండుసార్లు పోయింది. ఛీ, పెద్దమనిషిని అనుకున్నానే అని ఒక్క నిమిషం సిగ్గుపడి, రెండో నిమిషంలో భర్తను అనుమానించింది. "ఆ గదిలోంచి ఎప్పుడైనా బయటికొస్తావా, నీ మొహం మర్చిపోయేట్టున్నాను" అని అతను ఈమధ్యే విసుక్కున్నాడు మరి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాడు కూడా.

"నువ్వుగానీ నొక్కుతున్నావా?" అని అడిగేసింది.

"రోజంతా ఊళ్ళోవాళ్ళ దవడలు చేత్తో పట్టుకు కూర్చుంటాను. నీ బటన్ నొక్కడానికి నాకు మూడో చెయ్యుందా?" అన్నాడు. తర్వాత ముద్ద కలుపుతూ ఆగి, "అంటే నామీద అనుమానమా?" అన్నాడు. పెరుగు వేసుకోకుండానే లేచిపోయాడు. పక్కనే తింటున్న వదిన తలెత్తలేదు.

ఆమె కెర్నెల్‌లో ఇంకో ముక్క రాసింది. బటన్ నొక్కినప్పుడు ఎంతసేపు నొక్కి ఉంచారో అది చెప్పాలి. రేకు వణుకైనా, ఎండకు వచ్చిన తేడా అయినా రెప్పపాటుకన్నా తక్కువే ఉంటుంది. ఆ మధ్యాహ్నం కనెక్షన్ పోయాక తెర చూసుకుని నిర్ఘాంతపోయింది. ఎక్కడా వణుకు లేదు. తొందర లేదు. నిదానంగా, గట్టిగా నొక్కి, ఆగి, వదిలినట్టుంది. అది వేలు. మనిషి వేలు.

భర్త భోంచేసి వెళ్ళిపోయాక, ఆ వేళకి ఇంట్లో ఉండేది ఇద్దరే. ఒకరు తను.

అక్కణ్నుంచి ఆమె మనసు ఆమె మాట వినలేదు. ఈ వారంగా వదిన ముభావంగా ఉంటోంది. వచ్చిన కొత్తలో తలనొప్పులకు కట్టుకున్నట్టు నుదుటికి మళ్ళీ గుడ్డ కట్టుకుంటోంది. నిన్న ఉప్పు అందించమంటే చేతికివ్వకుండా బల్లమీద జరిపింది. అంతకుముందు "ఈ ఉద్యోగం ఇంట్లోంచే చెయ్యాలా, ఆఫీసుకి పోకూడదా?" అని అడగనే అడిగింది. అప్పుడు మామూలు మాటే అనిపించింది. ఇప్పుడు అలా అనిపించలేదు. తను ఇంట్లో ఉండటం ఆవిడకి ఇష్టం లేదు. ఉద్యోగం ఊడగొట్టాలని చూస్తోంది. లేకపోతే ఇన్నేళ్ళు ప్రయాణికులను నిలబెట్టినట్టు తననూ నిలబెట్టి తమాషా చూస్తోంది. ఇలా అల్లుకుంటూ పోయింది.

మరునాడు భోజనాలయ్యాక, "వదినా, బజారుదాకా వెళ్ళొస్తాను" అని కేకేసింది. వీధి తలుపు తీసి ధడాలున మూసి, తను మాత్రం లోపలే ఉండిపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ పక్కన నక్కింది. సొంత ఇంట్లో దొంగలా నిలబడ్డానేమిటని అనిపించకపోలేదు. అయినా కదల్లేదు.

వదిన గది తలుపు తెరుచుకుంది. ఆవిడ హాల్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, పెట్టె దగ్గర ఆగి, బొటనవేలితో పక్కవైపు బటన్ నొక్కింది. లైటు ఆరిందో లేదో వంగి చూసుకుంది. నిట్టూర్చి వెనక్కి తిరిగింది.

"వదినా!"

ఆవిడ ఉలిక్కిపడలేదు. ముందు ఆమె మొహం చూసింది, తర్వాత ఆమె చేతిలోని చెప్పులు చూసింది.

"బజారు వంటింట్లోకి వచ్చిందా అమ్మాయ్?"

"మీరేనా రోజూ ఆపుతున్నది? నా ఉద్యోగం పోతుందని తెలుసా మీకు? నేనంటే ఎందుకు మీకంత…"

"అరవకు. తల పగులుతోంది," అంది వదిన కుర్చీలో కూర్చుంటూ. "నేను ఆపుతుంటే నువ్వొచ్చి మళ్ళీ వేస్తున్నావు. నాకు తెలీదనుకున్నావా? ఈ వారంగా నా నొప్పి మళ్ళీ మొదలైందంటే నీ పుణ్యమే."

"మీ తలనొప్పికీ దీనికీ ఏమిటి సంబంధం?"

అప్పుడు చెప్పుకొచ్చింది ఆవిడ. ఈ ఇంటికొచ్చిన కొత్తలో తలనొప్పితో గోడకేసి కొట్టుకునేది. స్కానింగులన్నీ చేశారు, ఏమీ లేదన్నారు. మాత్రలకు లొంగలేదు. పాత స్నేహితురాలొకామె ఆ వైఫై తరంగాలే కారణమంది. పెట్టె పక్కన బటన్ కనిపించింది. పోయినేడాది వానలప్పటినుంచీ రోజూ మధ్యాహ్నం పడుకునేముందు ఒకసారి నొక్కి ఆపేది, లేచాక మరదలి పని చెడకూడదని ఇంకోసారి నొక్కేది.

"మొదటిరోజే తేడా తెలిసింది. వారం తిరిగేసరికి తల పువ్వులా తేలికైపోయింది. నీతో చెబితే నవ్వుతావని చెప్పలేదు."

రోజుకి రెండుసార్లు ఎందుకు పోయేదో ఆమెకు ఇప్పుడర్థమైంది. మొదటిసారి వదిన ఆపితే తను వేసేది, వదిన లేచి లైటు వెలుగుతుండటం చూసి, నొప్పితో మళ్ళీ ఆపేది. కానీ ఆమె గుండెలో రాయి పడింది అందుకు కాదు. పోయినేడాది వానలప్పటికి ఆ పెట్టెలో ఉన్నది కంపెనీ సిస్టమే. బటన్‌కి ప్రాణం వచ్చింది ఈ వారంలో. అంతకుముందు ఆవిడ ఎన్నిసార్లు నొక్కినా ఏదీ ఆగలేదు. తల పువ్వులా తేలికైన ఆ మధ్యాహ్నాలన్నీ వైఫై తలమీదనుంచే పోతూ ఉంది.

"ఏమిటలా చూస్తున్నావు?" అంది వదిన. "ఇంకోటి అడుగుతాను. ఇదివరకు నొక్కితే ఈ లైటు ఆరేది కాదు. ఇప్పుడు ఆరుతోంది. ఎందుకని?"

"అదా… లైటు ఒక్కటీ పాడైపోయి ఉండేది వదినా. బాగుచేశాను."

వదిన ఆమె కళ్ళలోకి చూసింది. ఆమె గోడవైపు చూసింది.

ఆ సాయంత్రం సంగతి విని భర్త కూలబడ్డాడు. "చెప్పకు. నీకు దణ్ణం పెడతాను, చెప్పకు. అక్క ఆ రోజుల్లో పడ్డ బాధ నువ్వు గదిలో ఉండి చూడలేదు, నేను చూశాను."

"మరి నా పని?"

"బటన్ నొక్కితే లైటు మాత్రం ఆరేట్టు చెయ్యలేవా? నీకదెంత పని?"

నిజంగానే అదెంత పని! ఒక్క వాక్యం. బటన్ నిజంగా వైఫై ఆపితే తను తీగతో పనిచేసుకోవాలి, లాప్‌టాప్‌కేమో తీగ తగిలించుకునే సందు లేదు. తీగకీ దానికీ మధ్య పెట్టే అడాప్టరు ఉన్నదొక్కటే, అదీ రౌటర్లు పరీక్షించే బల్ల దగ్గర ఇరుక్కుపోయి ఉంది. ఇంకోటి కొని, తీగ లాగి, మేకులు కొట్టించడంకన్నా ఒక్క వాక్యం రాయడం సుఖం. రాసింది. బడులకు వెళ్ళేది అసలు సరుకు, ఇంట్లో ఉండేది నకిలీ. నొక్కింది మనిషి వేలేనని కామాగారికి చెప్పింది.

"ఎవరి వేలు?"

"ఇంట్లోవాళ్ళదేనండీ."

"అయితే కోడు తప్పు లేదు," అని ఆయన సరేననేశారు.

వదిన తలకి కట్టుకున్న గుడ్డ తీసేసింది. భర్త మొహం వికసించింది. ఆమెకే మనశ్శాంతి పోయింది. రోజూ మధ్యాహ్నం హాల్లో అడుగుల చప్పుడు, టిక్కుమని బటన్ చప్పుడు, ఆ తర్వాత నిట్టూర్పు వినబడేవి. ఆ నిట్టూర్పు వింటే తేలు కుట్టిన దొంగలా అయిపోయేది. ఇంతకుముందు వదినను తను అనుమానించేది. ఇప్పుడు వదిన తనను అనుమానిస్తోందేమోనని అనుమానం.

ఒకరోజు అన్నం తింటూ వదిన మామూలుగా అడిగింది. "నేను ఆపినప్పుడు నీ పనెలా సాగుతోందమ్మాయ్? లోపల మాట్లాడుతూనే ఉంటావు."

"తీగ… తీగ పెట్టుకుంటున్నాను వదినా."

"ఊఁ," అంది వదిన.

భోజనం కాగానే ఆమె సొరుగులో పడున్న పాత తీగ ఒకటి వెతికి తీసి, ఒక కొస పెట్టెకి గుచ్చి, గోడవారగా లాక్కుపోయి, రెండో కొస తన బల్ల వెనక పడేసింది. భర్త అది చూసి నవ్వబోయి, భార్య మొహం చూసి మానేశాడు.

కొన్నాళ్ళు గడిచింది. ఒక మధ్యాహ్నం కామాగారితో మాట్లాడుతోంది. వెనకాల ఎవరో ఉన్నట్టనిపించి తిరిగి చూస్తే గుమ్మంలో వదిన. ఆవిడ తీగవెంబడే చూపు నడిపించుకుంటూ వచ్చి, బల్ల వెనక వంగి, ఆ రెండో కొస పైకి తీసింది. లాప్‌టాప్‌ని ఒక పక్క చూసింది, ఇంకో పక్క తిప్పి చూసింది. తెరమీద కామాగారు నోరు తెరిచి చూస్తున్నారు.

"ఇది ఎక్కడ పెడతావు?"

ఆమె కామాగారికి నమస్కారం పెట్టి లాప్‌టాప్ మూసేసింది.

"ఎన్నేళ్ళో టికెట్లు అడిగాను," అంది వదిన ఆ కొసను బల్లమీద పెడుతూ. "టికెట్ లేనివాళ్ళమీద నాకెప్పుడూ కోపం రాలేదు. ఏదో ఇబ్బంది ఉంటుంది. కానీ నేను అడగ్గానే లేని టికెట్ కోసం జేబులన్నీ వెతికినట్టు నటిస్తారే, వాళ్ళను మాత్రం క్షమించేదాన్ని కాదు. ఇప్పుడు చెప్పు."

ఇక దాచి లాభం లేకపోయింది. ఆమె అంతా చెప్పేసింది. ఏడాదిపాటు బటన్ చచ్చి ఉండటం, ఒక్క వారం బతకడం, మళ్ళీ తను దాన్ని నకిలీ చెయ్యడం. చెప్పొద్దని ఆవిడ తమ్ముడు అన్న మాట మాత్రం దాటేసింది. వదిన చివరిదాకా విని, "నేను నమ్మను," అంది.

"ఒట్టు వదినా."

"నీ ఒట్టు సరే. ఆపితే మీకు ఇబ్బంది కాబట్టి నేను నొక్కడం మానెయ్యాలని ఈ కథ అల్లావేమో. నాకేం తెలుసు? మీ పెట్టె, మీ విద్య. నువ్వేం చెబితే అది." ఆవిడ తీగ కొసను పక్కకి నెట్టింది. "పోయినేడాది ఉన్నదే మళ్ళీ వెయ్యి. నా కళ్ళముందే."

వేసింది. వదిన తన ఫోన్‌లో ఏదో వీడియో పెట్టి చెప్పుల అరమీద నిలబెట్టింది. బటన్ నొక్కింది. వీడియో ఆడుతూనే ఉంది. మళ్ళీ నొక్కింది. ఫోన్ తన సొంత నెట్‌తో ఆడిస్తోందేమోనని దాన్ని ఆపేసి నొక్కింది. ఆడుతూనే ఉంది. నొక్కుతూనే నిలబడింది. ఇక చాలు వదినా అనబోయి ఆమె ఆగిపోయింది. ఆఖరికి ఆవిడ ఫోన్ తీసుకుని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

భర్త ఇంటికొచ్చి నిప్పులు చెరిగాడు. "చెప్పొద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను!"

"నేను చెప్పలేదు. ఆవిడ పట్టుకుంది. తీగ కాకపోతే ఇంకోటి పట్టుకునేది. ఆవిడ దగ్గర దాక్కోగలవా నువ్వు?"

దాక్కోలేడని అతనికీ తెలుసు.

రెండు రోజులు వదిన భోజనానికి తప్ప బయటికి రాలేదు. బటన్ జోలికి పోలేదు. మూడోరోజు ఆమె ఉండబట్టలేక టీ గ్లాసుతో గదిలోకి వెళ్ళింది. వదిన కిటికీ పక్కన మంచంమీద కళ్ళు మూసుకుని కూర్చుంది.

"నొప్పిగా ఉందా వదినా?"

"అదే చూస్తున్నాను. వస్తోందా, వస్తుందని నేను అనుకుంటున్నానా అని. నా తలనే నేను టికెట్ అడుగుతున్నాను. ఏమిటో చెప్పడం లేదు." టీ అందుకుంది. "అంటే ఇన్నాళ్ళూ నాది ఉత్త భ్రమంటావు."

"నొప్పి భ్రమ కాదు వదినా. గోడకేసి కొట్టుకున్నది మీ తలే కదా. ఎందుకు తగ్గిందో నాకు తెలీదు. వైఫై ఆగినందువల్ల కాదు. అంతవరకే తెలుసు."

"నీకు తెలియనిదొకటి ఉందన్నమాట," అంది వదిన. అది వెక్కిరింతో కాదో ఆమెకు అర్థం కాలేదు. టీ ఒక గుక్క తాగి ఆవిడే అంది, "అబద్ధం ఎందుకు చెప్పావు? వాడు చెప్పమన్నాడా?"

ఆమె తల వంచుకుంది.

"అనుకున్నాను. చిన్నప్పటినుంచీ అంతే వాడు. నాకు దెబ్బ తగిలితే వాడు కళ్ళు మూసుకునేవాడు." ఖాళీ గ్లాసు చేతికిచ్చింది. "నిజంగా ఆపే బటన్ పెట్టు."

"మళ్ళీ నొక్కుతారా?"

"నొక్కుతానో మానుతానో నా ఇష్టం. నొక్కితే మాత్రం ఆగాలి."

ఆ సాయంత్రమే ఆమె బజారుకెళ్ళి అడాప్టరు కొనుక్కొచ్చింది. ఈసారి నిజంగానే వెళ్ళింది. భర్త తీగను గోడవెంబడి కుదురుగా బిగించాడు, అక్క కాలికి తగలకుండా. బడులకు పంపిన అసలు సరుకే ఇంటి పెట్టెలోనూ వేసింది.

ఇప్పుడు వదిన కొన్ని మధ్యాహ్నాలు నొక్కుతుంది, కొన్ని మధ్యాహ్నాలు నొక్కదు. నొక్కిన రోజు తల బాగుంటుందా, నొక్కని రోజు నొప్పి వస్తుందా అని అడిగితే చెప్పదు. ఒకసారి భర్త పట్టుబట్టి అడిగితే, "డాక్టరువా నువ్వు? పళ్ళు చేసుకో పో," అంది. ఒకటి రెండుసార్లు నుదుటికి గుడ్డ కనిపించింది. అవి నొక్కిన రోజులో కావో ఆమె గమనించలేదు. గమనించకూడదనుకుంది.

నిన్న మధ్యాహ్నం ఆమె మంచినీళ్ళకి హాల్లోకి వచ్చేసరికి వదిన అప్పుడే నొక్కి, ఫోన్‌లో వీడియో పెట్టి చూస్తోంది. చక్రం తిరుగుతోందే తప్ప బొమ్మ రావడం లేదు. వదిన చాలాసేపు ఆ చక్రాన్నే చూసింది.

"నమ్మకం కుదరలేదా ఇంకా?" అంది ఆమె.

"కుదిరింది," అంది వదిన, ఫోన్ ఇంకోసారి నొక్కి చూస్తూ. "అయినా చూసుకుంటాను. పోయి నీ పని చూసుకో."

ఆమె నీళ్ళు తాగి గదిలోకి వెళ్ళింది. వెళ్ళాక తీగ కొస సరిగ్గా ఉందో లేదో తనూ ఒకసారి నొక్కి చూసుకుంది.